వదిన నీళ్లు ఎంచుకున్న వైనం

మా వదిన దేన్నీ ఊరికే నమ్మదు. గొడుగు కొనాలంటే దుకాణం పక్కన కుళాయి ఎక్కడుందో వెతికి, దాని కింద గొడుగు విప్పి పట్టుకుని, లోపలికి చుక్క దిగలేదని చూసుకున్నాకే సంచిలో పెడుతుంది. చెప్పులు కొంటే దుకాణం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మెట్లెక్కి దిగి, ఆ దుకాణదారు "తీసుకోకపోయినా ఫరవాలేదమ్మా" అని చేతులు జోడించేదాకా వదలదు. పెళ్లికి ఒప్పుకునే ముందు మా అన్నయ్య చేతికి తుప్పు పట్టిన తాళం ఒకటిచ్చి తీయమందట. తాళం రాలేదు. అన్నయ్యకి కోపమూ రాలేదు. అందుకే ఒప్పుకున్నానని ఆమే చెప్పింది. నా చేతికిచ్చి ఉంటే ఆ తాళం కిటికీలోంచి వీధిలో పడేది, పెళ్లి మాటా దాంతోపాటే పడేది. ఆమెకి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టింది నేనే. ఇప్పటికీ ఆ పేరు వెనక్కి తీసుకోలేదు. అయితే అప్పట్లో వెక్కిరింతగా అన్నది ఇప్పుడు గౌరవంగా అంటున్నాను.

ఆమె పని ఇళ్ల బొమ్మలు చేయడం. ఇంకా పునాది కూడా తవ్వని ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో చేసి చూపిస్తుంది. పొద్దుటి ఎండ ఏ గోడ మీద పడుతుందో, తలుపు తీయగానే ముందు ఏం కనిపిస్తుందో, అంతా అందులో ఉంటుంది. గీయడం ఆమె వంతు. గీశాక దాన్ని అసలు ఫొటోలా మార్చడం కంప్యూటరు వంతు. అది గంటల తరబడి లెక్కలు కడుతూనే ఉంటుంది. లెక్కలు కట్టేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఫ్యాన్లు గోల పెడతాయి. పిండిమర పక్కన కాపురం పెట్టినట్టే ఉండేది.

ఆ కంప్యూటరు ఉన్నది మా అమ్మ గదిలో. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గది తలుపుకీ వంటింటికీ మధ్య దారిలా ఉంటుంది కాబట్టి బల్ల వేసే చోటు అమ్మ మంచం పక్కనే దొరికింది. అమ్మకి అది కష్టమని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే మొదట్లో అమ్మకి అదే పెద్ద సరదా. వదిన ఏ బొమ్మ చేసినా మొదటి చూపు అమ్మదే. మంచం మీంచి మెడ చాచి, "మెట్లకి కడ్డీ ఏదే? ముసలాళ్లు పడిపోరూ?" అనేది. వదిన వెంటనే కడ్డీ పెట్టేది. ఆ ఇళ్లు కట్టినవాళ్లకి తెలీదు గాని, వాళ్ల మెట్లకి కడ్డీలు పెట్టించింది మా అమ్మే.

పని పెరిగింది, బొమ్మలు పెద్దవయ్యాయి, మోతా పెరిగింది. అమ్మకి మధ్యాహ్నం కునుకు లేకుండా పోయింది. రేడియో చెవికి ఆనించుకుని వింటూ కూర్చునేది. చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఒకరోజు నేను చూడటానికి వెళ్తే మాత్రం, గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా, "కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంటానురా" అంది.

అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది. లారీ విడిభాగాల దుకాణం పెట్టి ఊరికి ఆ కొసన ఇల్లు తీసుకున్నప్పటి నుంచీ అమ్మని రమ్మంటూనే ఉన్నాను, ఆమె నవ్వి ఊరుకునేది. ఇప్పుడు తనంతట తనే వస్తానంటే నేను కాదంటానా? "రేపే వచ్చి తీసుకెళ్తా" అన్నాను.

వదిన వెనకే ఉంది. అంతా విన్నది. బతిమాలలేదు, అలగలేదు. నన్నే సూటిగా అడిగింది.

"అత్తయ్య వెళ్తానంటోంది మోత వల్లనా, నా వల్లనా?"

"నీ వల్ల ఎందుకవుతుంది వదినా? ఆ డబ్బా గోల పడలేక."

"అయితే డబ్బా నోరు మూయిస్తాను. అప్పటిదాకా తీసుకెళ్లకు. నా ఎదురుగా కూర్చుని తప్పులు పట్టే మనిషి లేకపోతే నాకు చేయి ఆడదు."

అలా ఆ మాట పడింది. మోత ఆగితే అమ్మ అక్కడ, ఆగకపోతే మా ఇంట్లో. నేను లోలోపల ఆగకూడదనే కోరుకున్నాను.

పాత కంప్యూటర్లు విప్పి అమ్మే దుకాణదారు ఒకాయన ఉన్నాడు. వదిన ఆయన దగ్గర్నుంచి సామాను తెచ్చింది. చిప్పు నెత్తిన కూర్చునే రాగి దిమ్మ, అరచేతిలో పట్టే పంపు, ఒక రేడియేటరు, చిన్న గాజు తొట్టి, వాటిని కలపడానికి పారదర్శకంగా ఉండే మెత్తటి ట్యూబులు. సంగతి తేలికే. పంపు తోస్తే నీళ్లు రాగి దిమ్మలోంచి పోతూ వేడిని ఎత్తుకుంటాయి, రేడియేటరులో దించేసి వెనక్కి వస్తాయి. అప్పుడు ఒకే ఒక్క పెద్ద ఫ్యాను, అదీ తీరిగ్గా తిరిగితే చాలు.

తేలిక కానిదల్లా ఒక్కటే. అందులో ఏం పోయాలి?

నేను నా దుకాణంలోంచి ఆకుపచ్చ కూలెంటు డబ్బా తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టాను. "లారీ ఇంజనునే చల్లబరిచేది నీ డబ్బాని చల్లబరచదా?" అన్నాను. అన్నయ్య ఎక్కడో వీడియోలో చూశాడట, మెరుపులు కలిసిన నీలం రంగు ద్రవం. అది తిరుగుతుంటే గదిలో నక్షత్రాలు పారుతున్నట్టుంటుందని ఒకటే పాట. అమ్మ అయితే, "తాగే నీళ్లు పోస్తే సరిపోదుటే?" అంది.

వదిన వంటింట్లోంచి కెటిల్ తెచ్చి అమ్మకి దాని అడుగు చూపించింది. "ఈ తెల్లటి పెచ్చు చూడండి అత్తయ్యా. మనం తాగే నీళ్లదే. ఆ రాగి దిమ్మ లోపల వెంట్రుక పట్టేంత సందులుంటాయి. అక్కడ ఇలా పెచ్చు కడితే నీళ్లు పోవడానికి దారేదీ?"

అమ్మ కెటిల్ అందుకుని, "ఇన్నాళ్లూ నాకెందుకు చూపించలేదు?" అని అప్పటికప్పుడు తోమడానికి వెళ్లిపోయింది. అమ్మ సంగతి చెప్పాలి. ఆమె ఒక బడిలో సైన్సు ల్యాబు అటెండరుగా చేసి రిటైరైంది. పిల్లలు ప్రయోగాలు చేసి వదిలేసిన గాజు సామాను కడిగి, ఆరబెట్టి, దేని చోట దాన్ని పెట్టడమే ఆమె ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా ఆ చేతులు ఊరుకోవు. మా ఇంటికొచ్చినా ముందు మా గ్లాసులన్నీ వెలుతురుకి ఎత్తి చూస్తుంది.

వదిన ఎవరి మాటా తీసేయలేదు, ఎవరి మాటా ఒప్పుకోలేదు. ఊరగాయ సీసాల్లాంటివి కొన్ని తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక్కో ద్రవం పోసింది. ఒకదాంట్లో నా ఆకుపచ్చది, ఒకదాంట్లో అన్నయ్య నీలం మెరుపులు, ఒకదాంట్లో బ్యాటరీలకి వాడే డిస్టిల్డ్ వాటరు. ప్రతి సీసాలోనూ ట్యూబు ముక్క ఒకటి, రాగి ముక్క ఒకటి, ఇత్తడి మర ఒకటి వేసి, పేరు రాసిన కాగితం అంటించి, అమ్మ గది కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. కంప్యూటరు లోపల ఏవేవి కలిసి కాపురం చేయాలో అవన్నీ ముందు సీసాలో కాపురం చేసి చూపించాలన్నమాట. తాళమిచ్చి పిల్లాడిని చూసిన మనిషి కదా.

మేమంతా నవ్వుకున్నాం. వదిన పట్టించుకుంటేనా! కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టుకు కూర్చుంది. కొన్ని వారాలకి ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నయ్య నక్షత్రాలు సీసా అడుగున బురదలా పేరుకుపోయాయి. పాపం, అన్నయ్య ఆ సీసాని ఊపి ఊపి చూశాడు. నా ఆకుపచ్చ దాంట్లో ట్యూబు ముక్క మసకబారింది. పైగా అది విషం, మంచం పక్కన అలాంటిది కారితే ఎలా అని వదిన దాన్ని తీసి నా చేతికే ఇచ్చింది. డిస్టిల్డ్ వాటరు సీసా మాత్రం అద్దంలా ఉంది. మొదటి రోజు ఎలా ఉందో అలాగే.

"వేడి మోయడంలో నీళ్లని మించింది లేదు. పాడు కానప్పుడు అందులో ఇంకేదో కలపడమెందుకు?" అంది వదిన. నాచు పట్టకుండా రెండు చుక్కల మందు వేయాలని ఆ దుకాణదారు చెప్పాడు. ఆమె వినలేదు. "నా సీసాకి పట్టలేదు కదండీ" అంది. ఆమెకి మనుషుల మాట కన్నా సీసా మాట మీద గురి.

బిగించిన రోజు నేనూ ఉన్నాను. కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే నడిపించింది. ప్రతి అతుకు కిందా పలచటి కాగితం ముక్క పరిచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగితం తడిసిందా అని చూస్తూనే ఉంది. తడవలేదు. అప్పుడు కంప్యూటరు వేసి, అన్నిటికన్నా బరువైన బొమ్మ ఎక్కించింది. గదిలో ఏమీ వినిపించలేదు. పక్కింటివాళ్ల కుక్కరు కూత వినిపించింది. అమ్మ రేడియో చెవి దగ్గర్నుంచి తీసి బల్ల మీద పెట్టుకుంది. కాసేపటికి కళ్లు మూతలు పడి నిద్రపోయింది. వదిన ఆ నిద్రపోయే మనిషినే చూస్తూ కూర్చుంది, తెర వంక చూడనే లేదు. నేను ఓడిపోయాను. ఉడుకుమోత్తనం లేదని చెప్పను గాని, చప్పుడు చేయకుండా చెప్పులేసుకుని ఇంటికి బయల్దేరాను.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. ఎండలు ముదిరేసరికి ట్యూబుల్లో పచ్చటి పొర కనిపించింది. తర్వాత నీళ్ల నడక మందగించింది. ఒక బొమ్మ సగంలో ఉండగా కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. ఆ బొమ్మ మర్నాటికి ఇవ్వాల్సింది. వదిన తలపట్టుకుని, పాత ఫ్యాన్లు తీసి మళ్లీ బిగించింది. పిండిమర మళ్లీ మొదలైంది. అమ్మ దూది కోసం వెతుక్కుంది.

మాటంటే మాట. అమ్మని తీసుకెళ్లడానికి నేను బండి వేసుకుని వచ్చాను. అమ్మ సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకుంది. వదిన నేల మీద పాత బట్ట పరిచి, రాగి దిమ్మ విప్పి కూర్చుంది. ఆ వెంట్రుక సందుల నిండా పచ్చటి జిగురు. పక్కనే కిటికీ గట్టు మీద డిస్టిల్డ్ వాటరు సీసా తళతళలాడుతోంది. వదిన దిమ్మనీ సీసానీ మార్చి మార్చి చూస్తోంది.

"అవే నీళ్లు, అదే ట్యూబు, అదే కిటికీ. దీనికి పట్టింది దానికెందుకు పట్టలేదు?" అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. ఆమె గొంతులో మొదటిసారి భయం విన్నాను. తన సీసా తనకి అబద్ధం చెప్పిందంటే ఇక దేన్ని నమ్మాలన్న భయం అది. నేను వెక్కిరించడానికి ఒక మాట సిద్ధంగా పెట్టుకుని వచ్చాను. మింగేశాను.

అమ్మ వెళ్లే ముందు గది సర్దుతోంది. దుప్పటి మడిచింది, రేడియో తుడిచింది. కిటికీ దగ్గరికెళ్లి ఆ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ట్యూబు ముక్క కొసన పచ్చగా ఏదో కనిపించినట్టుంది. ఏమీ జరగనట్టు వంటింట్లోకి తీసుకెళ్లి, నీళ్లు పారబోసి, ముక్కలన్నీ బ్రష్షుతో తోమి, డిస్టిల్డ్ వాటరు డబ్బాలోంచి సరిగ్గా గీత దాకా నింపి, పేరు బయటికి కనిపించేలా గట్టు మీద పెట్టేసింది.

వదినా, అన్నయ్యా, నేనూ నోరెళ్లబెట్టి చూస్తున్నాం.

"అమ్మా! ఏంటి నువ్వు చేసింది?" అని నేనే అరిచాను.

"కడిగాను. పాచి పట్టిందిగా. అది పట్టినప్పుడల్లా కడుగుతూనే ఉన్నాను. పాపం అమ్మాయికి తీరికెక్కడిది?"

"మరి రంగు సీసాలు కడగలేదే?" అన్నాడు అన్నయ్య.

"రంగున్నవి రసాయనాలు. మాస్టారు చెప్పందే ముట్టుకోకూడదు. తెల్లనీళ్లవి కడిగి, నింపి, చోట్లో పెట్టాలి. నా సర్వీసంతా అంతే చేశాను." ఆ మాట చివరికి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గిపోయింది. మా మొహాలు చూసింది, నేల మీద దిమ్మ చూసింది. మంచం మీద కూలబడింది. "అంటే నేను కడగబట్టే... అమ్మాయ్, నీ పని నేనే పాడుచేశానా?"

వదిన అబద్ధమాడే మనిషి కాదు. ఆ సంగతి అమ్మకీ తెలుసు.

"అవునత్తయ్యా," అంది వదిన. "మీరు కడగబట్టే నాకు తెలీలేదు. కానీ నా సీసాలు ఎవరూ ముట్టుకోవద్దని నేనూ ఒక్కరికీ చెప్పలేదు. గట్టు మీద పెట్టి, లోకమంతా నాలాగే ఆలోచిస్తుందనుకున్నాను." అలా అని లేచి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, అమ్మ పక్కన కూర్చుంది. "ఇంతకీ నా సీసా అబద్ధం చెప్పలేదు. బతికించారు."

ఆ మాటకి అన్నయ్య నవ్వాడు, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"నన్ను తీసుకెళ్లరా," అంది నాతో. "ఇక్కడుంటే ఇంకేదో పాడుచేస్తాను. చేతులు ఊరుకోవు నాకు."

ఇప్పుడిక మోత గొడవ కాదు. అమ్మ సిగ్గుతో వెళ్తానంటోంది. అలా వస్తే మా ఇంట్లో ఆమె ఒక గ్లాసు కూడా ముట్టుకోదని నాకు తెలిసిపోయింది. అలాంటి అమ్మని తీసుకెళ్లి నేనేం చేసుకోను?

అప్పుడు వదిన అంది. "మళ్లీ పరీక్ష పెడుతున్నాను. ఈసారి కడక్కుండా ఉండాలి. అది తేలేదాకా ఉండండి. తర్వాత మీ ఇష్టం, నేను అడ్డు చెప్పను."

ఈసారి సీసాలు మూడే. ఒట్టి డిస్టిల్డ్ వాటరు ఒకటి. అవే నీళ్లలో తుప్పుకీ నాచుకీ మందు చుక్కలు వేసింది ఒకటి. అన్నీ కలిపి సిద్ధంగా అమ్మే రంగులేని కూలెంటు ఒకటి. అమ్మ పడిన అవస్థ చూడాలి! ఒట్టి నీళ్ల సీసాలో పచ్చదనం మొదలయ్యేసరికి ఆమె చేతులు పీకడం మొదలుపెట్టాయి. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేది. నేనొకసారి వెళ్లేసరికి అమ్మ సీసాల మీద తువ్వాలు కప్పబోతుంటే వదిన ఆపింది, వెలుతురు తగలకపోతే పరీక్ష చెడుతుందని. నాకు ఫోన్ చేసి, "ఇవాళ కూడా కడగలేదురా" అని చెప్పేది, ఉపవాసం ఉన్న మనిషిలా.

నెల పైనే గడిచింది. ఒట్టి నీళ్లు చూడ్డానికి వీల్లేకుండా అయ్యాయి. మిగిలిన రెండూ శుభ్రంగా ఉన్నాయి. పరీక్ష తేలిపోయింది కాబట్టి నేను బండి తెచ్చాను. అమ్మ మాట మార్చలేదు, సంచి ఇచ్చింది. దాన్ని కిందికి తీసుకెళ్లి బండిలో పెట్టి, అమ్మ కోసం మళ్లీ పైకొచ్చాను.

వదిన తొట్టి మూత తీసి పోయడానికి సిద్ధంగా ఉంది. ఆమె చేతిలో ఉన్నది మందు చుక్కలు వేసిన నీళ్లు.

నాకు తిక్కరేగింది. "అదేంటి వదినా? రెండూ నెగ్గాయి కదా. ఆ సిద్ధంగా ఉన్నది పోస్తే రెండేళ్లు ముట్టుకోనక్కర్లేదని డబ్బా మీదే రాసుంది. ఇదైతే నీళ్ల మట్టం చూసుకుంటూ ఉండాలి, మూణ్ణెల్లకోసారి అంతా దించి, తొట్టి కడిగి, కొత్తవి పోయాలి. తేలికైనది వదిలేసి ఈ తద్దినం నెత్తికెత్తుకోవడం ఎందుకు?"

"ముట్టుకోనక్కర్లేనిది పోస్తే ఎవరూ చూడరు," అంది వదిన, పోయడం ఆపకుండా. "నాకు చూసే మనిషి కావాలి. రోజూ వెలుతురులో చూసి, రవ్వంత పచ్చదనం వచ్చినా కనిపెట్టి, గాజు తొట్టిని గాజులా కడిగే మనిషి. ఒక్కరే ఉన్నారు నాకు తెలిసి." అప్పుడు తలెత్తి అమ్మని చూసింది. "సీసాలు కడగొద్దన్నాను గాని, ఇది కడగొద్దనలేదత్తయ్యా. ఇది కడక్కపోతేనే పాడవుతుంది."

అమ్మ మెల్లగా లేచి, తొట్టి దగ్గరికెళ్లి, వంగి, గాజులోంచి ఆ నీళ్లని చూసింది. పంపు తిరుగుతోంది, గదిలో చప్పుడు లేదు.

"తొట్టి కడగడానికి నా పాత బ్రష్షు లావు," అంది. "సన్నమెడ బ్రష్షు కావాలి. తెప్పించు."

వదిన తలూపింది. కళ్లు తుడుచుకుంది, మా ఎదుటే, దాచుకోకుండా. ఇన్‌స్పెక్టరు ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఎన్నెన్ని పరీక్షలు పెట్టినా ఈ మనిషి చివరికి ఎంచుకున్నది చల్లబరిచే నీళ్లని కాదు, మా అమ్మని.

"పదమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నువ్వెళ్లరా," అంది అమ్మ, తొట్టి మీంచి చూపు తిప్పకుండా. "ఇక్కడ నాకు పనుంది."

నేను కిందికి దిగి, బండిలోంచి సంచి తీసి, మూడంతస్తులూ మోసుకుంటూ మళ్లీ పైకి తెచ్చాను.